ప్రహ్లాదుని బడి: వ్యక్తిత్వము ఎట్లు రూపొందును?

"వీని స్వభావమే ఇంత" అను మాట వినబడని గృహము అరుదు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే కంచములో తిని పెరిగిన అన్నదమ్ములలో ఒకడు శాంతుడు, మరియొకడు కోపిష్ఠి. ఒకడు పదిమందిలో చొరవగా మాటలాడును. మరియొకడు తల్లి కొంగు చాటున నిలుచును. పెద్దలు వారిని చూచి "వాడు తాతగారి పోలిక, వీడు మేనమామ పోలిక" అని తేల్చి చెప్పి ఊరకుందురు. అట్లు తేల్చి చెప్పుట ఎంతవరకు న్యాయము? స్వభావము పుట్టుకతోనే ముద్ర పడిన నాణెమా? లేక పెంపకముచేత మలచబడు మట్టిముద్దయా? పెద్దవాడైన పిమ్మట మనుష్యుడు మారగలడా? బిడ్డను మనము ఎట్లు పెంచవలెను, దారి తప్పినవానిని ఏ దృష్టితో చూడవలెను అనునవి ఈ ప్రశ్నల సమాధానముపైననే ఆధారపడియున్నవి.

నల్లమల అడవులలోని అహోబిల క్షేత్రమును సేవించినవారికి 'ప్రహ్లాద బడి' తెలిసియే యుండును. ఎగువ అహోబిలము దాటి కొండదారిని పోయినచో కనబడు చిన్న గుహ అది. ప్రహ్లాదుడు అచ్చట చదువుకొనెనని, అచ్చటి శిలపై గల గీతలు ఆ బాలుని వ్రాతలేనని యాత్రికులు చెప్పుకొందురు. బిడ్డల చదువుకై తల్లిదండ్రులు అచ్చట మ్రొక్కుకొందురు. రాక్షస కులమున పుట్టి, రాక్షస గురువులకడ చదివి, రాక్షసరాజగు తండ్రి యేలుబడిలో పెరిగిన బాలుడు పరమ భాగవతుడు ఎట్లయ్యెను? ఆధునిక మనస్తత్త్వ శాస్త్రము అడుగు ప్రశ్న కూడ ఇదియే. కావున ప్రహ్లాద చరిత్రమును చేతిలో నుంచుకొని, ఆ శాస్త్రము చెప్పు సిద్ధాంతములను ఒక్కొక్కటిగా పరిశీలింతము.

పదములోని భావము

పాశ్చాత్య భాషలలో వ్యక్తిత్వమునకు వాడు పదము 'పెర్సోనా' అను లాటిన్ మాటనుండి పుట్టినది. ప్రాచీన నాటకములలో నటుడు ముఖమునకు తగిలించుకొను తొడుగునకు ఆ పేరు. మన 'వ్యక్తిత్వము' అను పదమునకు మూలము 'వ్యక్తము', అనగా లోపలనున్నది వెలికి కనబడుట. ఒక పదము పైకప్పును సూచించుచుండగా, మరియొకటి లోపలి వెలుగు బయటపడుటను సూచించుచున్నది. ఈ భేదమును మరల తలచుకొనవలసి వచ్చును.

అమెరికా దేశీయుడగు గార్డన్ ఆల్‌పోర్ట్ 1937లో వ్యక్తిత్వమును గూర్చి ప్రసిద్ధ గ్రంథము నొకటి వెలువరించెను. అంతకు ముందటి యేడు ఆయనయు, ఆయన సహచరుడు ఓడ్బర్టును ఆంగ్ల నిఘంటువును వెదకి, మనుష్యుల నడవడిని వర్ణించు పదములు 17,953 ఉన్నవని లెక్క తేల్చిరి. తరువాతి పండితులు అట్టి పదములను గుంపులుగా చేర్చి చేర్చి తుదకు ఐదు ప్రధాన లక్షణములకు కుదించిరి. అవి: క్రొత్తదనముపై ఆసక్తి, కర్తవ్యనిష్ఠ, పదిమందితో కలియు గుణము, సౌమనస్యము, ఉద్వేగశీలత. ప్రతి మనుష్యునియందును ఈ ఐదును ఉండును. పాళ్ళు మాత్రము వేరు. ఒకనియందు ఒకటి మిక్కుటము, మరియొకనియందు స్వల్పము.

మన శాస్త్రములు ఈ విషయమునే త్రిగుణములతో వివరించినవి. సత్త్వ రజస్తమస్సులు మూడును ప్రతివానియందు కలవని, ఒక గుణము తక్కిన రెంటిని అణచి ఒక్కొక్కప్పుడు పైకి వచ్చుచుండునని గీత పదునాలుగవ అధ్యాయము బోధించుచున్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయములో ఆచార్య కోనేరు రామకృష్ణారావుగారు భారతీయ మనస్తత్త్వ చింతనను ఆధునిక పరిశోధనతో జోడించుటకు దీర్ఘకాలము కృషి చేసిరి. ఆ విశ్వవిద్యాలయమునుండి వెలువడిన 'జర్నల్ ఆఫ్ ఇండియన్ సైకాలజీ' అను పత్రికలోనే 1998లో డేవిడ్ వుల్ఫ్ అను పరిశోధకుడు త్రిగుణములను ప్రశ్నావళితో కొలుచు పద్ధతిని ప్రకటించెను.

గీతలోని మాటను శ్రద్ధగా గమనింపవలెను. గుణములు మారి మారి పైకి వచ్చుచుండునని భగవానుడు చెప్పెనే గాని, ఫలానావాడు ఎన్నటికిని తామసుడే యని చెప్పలేదు. 1968లో వాల్టర్ మిషెల్ అను శాస్త్రజ్ఞుడు కూడ ఇట్టి హెచ్చరికయే చేసెను. బడిలో అబద్ధమాడిన బాలుడు ఇంటిలో సత్యము పలుకవచ్చును. కచ్చేరిలో ఓర్పు చూపినవాడు ఇంటిలో కసరుకొనవచ్చును. కావున ఒక్క చోట చూచిన నడవడినిబట్టి మనుష్యునికి పేరు పెట్టరాదని ఆయన వాదము.

విత్తనము, నీరు, సేద్యము

నిజామాబాదు జిల్లాలోని కోటగిరి మండలము, బాన్సువాడ ప్రాంతము, ఆ పరిసర గ్రామములు నిజాంసాగర్ ఆయకట్టు సీమలు. మంజీరా నదిపై 1923లో ఆరంభింపబడి 1931లో పూర్తియైన ఆ ఆనకట్ట ఆ నేలకు వరిపైరు నిచ్చినది. అచ్చటి రైతు నడిగినచో వ్యక్తిత్వ సిద్ధాంతమంతయు రెండు మాటలలో చెప్పగలడు. విత్తనము మంచిదైనను నీరందనిచో పైరు ఎండును. నీరు పుష్కలముగా నున్నను తాలు గింజ మొలవదు. రెండును ఉన్నను కలుపు తీయని మడి గాదెను నింపదు.

విత్తనము పాలెంత? కవలపిల్లలను, దత్తత పోయిన పిల్లలను పోల్చి చూచిన అనేక పరిశోధనలను క్రోడీకరించి, మనుష్యుల స్వభావములలో కనబడు భేదములకు సుమారు నూటికి 40 పాళ్ళు జన్మతః వచ్చు కారణములు కలవని 2015లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఈ లెక్కను జాగ్రత్తగా గ్రహింపవలెను. ఇది జనసమూహములోని భేదములను గూర్చిన లెక్క. ఒక్క బాలుని తీసికొని, వీనియందు 40 పాళ్ళు తండ్రివి, 60 పాళ్ళు పెంపకమువి యని విడదీయుట ఎవరి తరమును గాదు. వరికంకిలో ఎంత విత్తనము, ఎంత నీరు అని ఎవరు వేరు చేయగలరు?

పసిబిడ్డల సహజ స్వభావమును గూర్చి స్టెల్లా చెస్, అలెగ్జాండర్ థామస్ అను వైద్య దంపతులు న్యూయార్కు నగరమున 1956లో ఒక దీర్ఘ పరిశోధన నారంభించిరి. 133 మంది శిశువులను పెద్దవారగు వరకు పరిశీలించిరి. వారిలో సుమారు నూటికి 40 మంది తేలికగా ఊరడిల్లువారు. 10 మంది మిక్కిలి పేచీ పెట్టువారు. 15 మంది క్రొత్త మనుష్యులకు, క్రొత్త చోట్లకు మెల్లమెల్లగా అలవాటు పడువారు. తక్కినవారియందు ఈ లక్షణములు కలగలిసి యుండెను. పేచీ పెట్టు శిశువులందరును పెద్దయై చెడిపోలేదు. తల్లిదండ్రులు ఓర్పుతో బిడ్డ తీరునకు తగినట్లు నడచుకొన్నచోట అట్టి పిల్లలును చక్కగా ఎదిగిరి. బిడ్డ స్వభావమునకును పెద్దల తీరునకును నడుమ గల 'పొందిక' యే ముఖ్యమని వారు తేల్చిరి. తల్లి కొంగు చాటున దాగు పిల్లవానిని బలవంతముగా పదిమంది నడుమకు లాగిన తండ్రికిని, చేయి పట్టుకొని మెల్లగా వెంట నడపిన తండ్రికిని కలుగు ఫలితములు వేరు.

గర్భమునందే మొదలైన పాఠము

భాగవత సప్తమ స్కంధములో ప్రహ్లాదుడు తన తోడి రాక్షస బాలురకు తన కథను తానే చెప్పెను. తండ్రి మందరాద్రిపై తపమునకు పోయినపుడు దేవతలు దానవులపై దండెత్తిరి. ఇంద్రుడు గర్భవతియైన రాణిని చెరపట్టి కొనిపోవుచుండగా నారదుడు అడ్డుపడి ఆమెను విడిపించి, తన ఆశ్రమమునకు తోడ్కొని పోయెను. పోతనగారి తెలుగు భాగవతములో ఆమె పేరు లీలావతి. భర్త మరలి వచ్చువరకు ఆమె అచ్చట నిర్భయముగా నుండెను. నారదుడు ఆమెకు ధర్మమును, భక్తిని బోధించెను. కాలక్రమమున తల్లి దానిని మరచినది గాని, గర్భస్థుడైన బిడ్డ మరువలేదు.

ఇది పురాణగాథ, ఋషి మహిమతో కూడినది. దీనిని ప్రయోగశాలలో నిరూపింపనక్కరలేదు. అయినను, గర్భములోని శిశువు వినుననుమాట నేడు శాస్త్రసమ్మతము. 1986లో డికాస్పర్, స్పెన్స్ అను పరిశోధకులు కొందరు గర్భిణీ స్త్రీలచేత చివరి ఆరు వారములు ప్రతిదినము ఒకే కథను బిగ్గరగా చదివించిరి. పుట్టిన కొలది దినములకే ఆ శిశువులు, వినని కథకంటె గర్భములో విన్న కథను వినుటకే ఎక్కువ మక్కువ చూపిరి. శిశువులు అర్థమును గ్రహించిరని దీని భావము గాదు. ఆ స్వరపు లయ వారికి పరిచితమయ్యెనని మాత్రమే. తల్లి కంఠము బిడ్డకు మొదటి బడి.

నారదాశ్రమ కథలో మరియొక సూక్ష్మము కలదు. నారదుడు లీలావతికి పాఠము చెప్పుటకు ముందు అభయ మిచ్చెను. భయము తొలగిన పిమ్మటనే బోధ లోపలికి పోయినది. ఎరిక్ ఎరిక్సన్ అను మనోవైజ్ఞానికుడు 1950లో ప్రకటించిన గ్రంథములో మానవ జీవితమును ఎనిమిది దశలుగా విభజించెను. మొదటి దశలో శిశువు నేర్చుకొనవలసినది ఒక్కటే: ఈ లోకమును నమ్మవచ్చునా, నమ్మరాదా అనునది. ఆకలియైనపుడు పాలు, భయపడినపుడు ఒడి దొరకిన శిశువు లోకమును నమ్మును. ఆ నమ్మకమే పునాదియై తరువాతి దశలలో స్వతంత్రత, చొరవ, శ్రమశీలము, తానెవరో ఎరుగుట మొదలగునవి ఒకదానిపై నొకటి నిలుచును. ఈ ఎరిక్సన్ మహాశయుడే గాంధీజీ జీవితమును మనస్తత్త్వ దృష్టితో పరిశీలించి 1969లో గ్రంథము వ్రాసెను. ఇంగ్లండు దేశీయుడగు జాన్ బౌల్బీ, ఆయన తోడి పరిశోధకురాలు మేరీ ఐన్స్‌వర్త్ కూడ ఇట్టి భావమునే చెప్పిరి. తిరిగి చేరుకొనదగిన ఒడి ఒకటి ఉన్నదని తెలిసిన బిడ్డయే ధైర్యముగా ముందుకు పోయి ఆడుకొనును.

నిజామాబాదు జిల్లా పల్లెలలో ఈ మాటకు ప్రత్యేకమైన ప్రాధాన్యము కలదు. బ్రతుకుతెరువునకై గల్ఫు దేశములకు పోయిన తండ్రులు అచ్చట అనేకులు. బిడ్డ తండ్రి ముఖమును ఏండ్ల తరబడి చూడక పెరుగుచుండును. అట్టి ఇండ్లలో నాయనమ్మయో, అమ్మమ్మయో, మేనమామయో ఆ ఒడి యగుచున్నారు. లీలావతి భర్త దూరమున నున్నపుడు ఆమెకును బిడ్డకును నారదుడు నీడయైనట్లే ఇది. బిడ్డకు కావలసినది మారక నిలుచు ఆదరణ. దానిని ఇచ్చువారు తల్లిదండ్రులే కానక్కరలేదు. దూరమున నున్న తండ్రి కూడ చెప్పిన వేళకు తప్పక ఫోనులో బిడ్డతో మాటలాడుచు, చెప్పిన మాట నిలుపుకొనుచున్నచో ఆ నమ్మకము కొంత నిలుచును. వస్తానని చెప్పి రాకపోవుటయే బిడ్డ మనస్సును ఎక్కువగా కలచును.

దండనము నేర్పునదేమి?

ఐదేండ్ల ప్రహ్లాదుని హిరణ్యకశిపుడు శుక్రాచార్యుని కుమారులగు చండామర్కుల బడికి పంపెను. వారు నీతిశాస్త్రము, రాజనీతి బోధించిరి. బాలుడు అన్నియు చదివెను, అప్పగించెను; హరిభక్తిని మాత్రము విడువలేదు. తండ్రి మొదట తొడపై కూర్చుండబెట్టుకొని బుజ్జగించెను. పిమ్మట గద్దించెను. తుదకు ఏనుగులచేత త్రొక్కించెను, పాములచేత కరపించెను, విషము పెట్టించెను, సముద్రమున త్రోయించెను.

ఆధునిక కాలమున కూడ ఇట్టి ధీమా గలవారు లేకపోలేదు. 1920ల దశకములో జాన్ వాట్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, ఆరోగ్యవంతులగు శిశువులను పన్నెండుమందిని తన చేతికిచ్చినచో, వారి కులగోత్రములతోను సహజ శక్తులతోను నిమిత్తము లేక, తాను కోరినట్లు ఒకనిని వైద్యుని, ఒకనిని దొంగను చేయగలనని పలికెను. పరిసరములే సర్వమని ఆయన మతము. ఆయన మార్గములో నడచిన స్కిన్నర్, మెచ్చుకోలు పొందిన పని మరల మరల చేయబడునని ప్రయోగములచేత చూపెను. అయితే స్కిన్నరే దండనమును మెచ్చలేదు. దండనము తప్పును కొంతకాలము అణచును గాని, మంచిని నేర్పజాలదని ఆయన అభిప్రాయము. కొట్టువాడు కనుమరుగైనంతనే పాత నడవడి తలయెత్తును.

దండనము నేర్పు పాఠము మరియొకటి కలదు. 1961లో ఆల్బర్ట్ బందూరా 72 మంది చిన్నపిల్లలతో ఒక ప్రయోగము చేసెను. పెద్దవారొకరు రబ్బరు బొమ్మను కొట్టి తన్నుటను కొందరు పిల్లలకు చూపిరి. తరువాత ఒంటరిగా ఆ బొమ్మవద్ద విడచినపుడు, ఆ పిల్లలు తాము చూచినట్లే కొట్టిరి. కొందరు ఆ తిట్లనే పలికిరి. శాంతముగా ఆడుకొనువారిని చూచిన పిల్లలలో అట్టి నడవడి చాల తక్కువగా కనబడెను. పిల్లలు మనము చెప్పినది వినుటకంటె, మనము చేసినది చూచి నేర్చుకొందురు. కోపము తగదని చెప్పుచు చెంపదెబ్బ కొట్టిన తండ్రి నేర్పిన పాఠము ఏది? అది చెంపదెబ్బయే.

హిరణ్యకశిపుని కుమారుడు తండ్రిని చూచి క్రౌర్యము ఏల నేర్వలేదు? వానికి అంతకుముందే వేరొక ఆదర్శము హృదయమున నిలిచియుండెను. నారదుని శాంతము మొదట నాటుకొన్నది. ఇందుకు నిదర్శనము కథాంతమున కలదు. నృసింహస్వామి వరము కోరుకొనుమనగా ప్రహ్లాదుడు తన్ను హింసించిన తండ్రికి సద్గతి కలుగవలెనని వేడుకొనెను. హింసలో పెరిగియు హింసను వారసత్వముగా స్వీకరింపని వ్యక్తిత్వమునకు ఇంతకు మించిన ఉదాహరణము లేదు.

తెలిసినది వేరు, అలవడినది వేరు

హిరణ్యకశిపుని పాత్ర కూడ మనకు పాఠమే. సోదరుడగు హిరణ్యాక్షుడు హతుడైనపుడు అతడు తల్లియగు దితిని, మరదలిని, పిల్లలను ఓదార్చుచు ఆత్మ నిత్యమని, దేహములు బాటసారులవలె కలసి విడిపోవునవని చక్కని వేదాంతమును చెప్పెను. ఆ ఉపదేశము భాగవతములోనే కలదు. అట్లు చెప్పిన నోటితోనే పగ తీర్చుకొనుటకు భటులను పంపెను. అనగా వానికి తెలియనిది లేదు. తెలిసినది గుణముగా పరిణమింపలేదు.

వియన్నా నగర వైద్యుడగు సిగ్మండ్ ఫ్రాయిడ్ మనస్సులోని ఇట్టి చీలికను గూర్చి విస్తారముగా వ్రాసెను. 1923లో ఆయన మనస్సును మూడు అంశములుగా వివరించెను. కోరికల ఊట ఒకటి. తప్పొప్పులను లోపలనుండి హెచ్చరించు కావలివాడు ఒకడు. ఈ రెంటికి నడుమ, బాహ్యలోకముతో సర్దుబాటు చేసికొనుచు నడచు 'నేను' మరియొకడు. మనుష్యుని నడపు బలములలో అనేకములు అతనికే తెలియక మనస్సు అడుగున దాగియుండునని ఆయన సిద్ధాంతము. ఆయన చెప్పిన వివరములలో పెక్కు తరువాతివారు అంగీకరింపలేదు. బాల్యానుభవములు పెద్దతనమున పనిచేయుననుమాట మాత్రము నిలిచినది. ఆయనతో కొంతకాలముండి విడిపోయిన ఆడ్లర్, తాను తక్కువవాడనను బాధను కప్పిపుచ్చుకొనుటకే పలువురు అధికారమునకై అర్రులు చాతురని చెప్పెను. లోకములన్నిటిని జయించియు ఐదేండ్ల బాలుని ఒక్క మాటకు వణకిన రాక్షసరాజును తలచినచో ఆడ్లర్ మాట అర్థమగును.

తెలిసినది గుణమగుటకు మార్గమేమి? మన పెద్దలు దానికి 'సంస్కారము' అని పేరిడిరి. చేసిన ప్రతి పనియు, విన్న ప్రతి మాటయు మనస్సుపై ఒక జాడను విడచును. అదే పని మరల చేసినపుడు ఆ జాడ లోతగును. కాలువ త్రవ్విన చోటనే నీరు పారునట్లు, జాడ పడిన వైపునకే మనస్సు పారును. చంచలమైన మనస్సును నిలుపుట కష్టమని అర్జునుడు చెప్పగా, అభ్యాసముచేత వైరాగ్యముచేత సాధ్యమని శ్రీకృష్ణుడు సమాధాన మిచ్చెను. ఆ ఉత్తరములో నిరాశకు చోటు లేదు.

పెద్దతనమున మార్పు

ఇక తుది ప్రశ్న. బాల్యము గడచిపోయినవాని గతి యేమి? పునాది సరిగా పడనివాడు అట్లే మిగిలిపోవలసినదేనా?

దీనికి సమాధానము కూడ అహోబిల క్షేత్రముతో ముడిపడి యున్నది. ఆళ్వారులలో అహోబిలమును 'సింగవేళ్ కున్ఱమ్' అను పేర పాడినవారు తిరుమంగై యాళ్వారు. ఆయన పూర్వజీవితమును గూర్చి సంప్రదాయము దాచలేదు. ఆయన ఒక చిన్న సీమకు పాలకుడు, యోధుడు. కుముదవల్లి నిబంధన మేరకు ప్రతిదినము శ్రీవైష్ణవులకు అన్నము పెట్టుటకు పూనుకొని, ధనము చాలక దారిదోపిడికి దిగెను. తుదకు పెండ్లికుమారుని వేషమున వచ్చిన స్వామినే దోచుకొనబోయి, ఆయన వలననే తిరుమంత్రమును పొందెను. గడచిన జీవితమును తలచి పరితపించుటతోనే ఆయన గానము ఆరంభమగుచున్నది. స్వామి ఆయన సాహసమును, పట్టుదలను తీసివేయలేదు. వాటి దిశను మార్చెను. అడవిదారులను ఎరిగిన ఆ పాదములే దివ్యక్షేత్రములను చుట్టివచ్చినవి. ఒకే కొండ, గర్భమునుండియే భక్తుడైన బాలుని, నడివయస్సున మారిన దోపిడిదారుని ఇద్దరిని తలపించుచున్నది.

చాలకాలము శాస్త్రజ్ఞులు కూడ ముప్పదియేండ్లు నిండినచో స్వభావము గట్టిపడిపోవునని తలచిరి. 2006లో రాబర్ట్స్ మొదలగు పరిశోధకులు, ఒకే మనుష్యులను ఏండ్ల తరబడి పరిశీలించిన 92 అధ్యయనములను సమీక్షించి, ఆ తలంపును సవరించిరి. ఇరువదినుండి నలువది ఏండ్ల నడుమ కర్తవ్యనిష్ఠ, మనస్స్థైర్యము గణనీయముగా పెరుగుచున్నవని, ఆ తరువాత కూడ మార్పు ఆగదని వారు చూపిరి. బాధ్యతలు మీద పడుట, క్రొత్త సాంగత్యము, క్రొత్త పని మనుష్యుని మార్చుచున్నవి. ఎరిక్సన్ ఎనిమిది దశలలో చివరిది వార్ధక్యమునకు చెందినది. గడచిన జీవితమును చూచుకొని తృప్తి చెందుటయా, నిస్పృహ చెందుటయా అనునది ఆ దశలోని పరీక్ష. డెబ్బదియేండ్ల ముదుసలికి కూడ ఎదుగవలసినది మిగిలియున్నదని దీని తాత్పర్యము.

కప్పబడిన దీపము

శ్రీపెరుంబూదూరులో 1017లో అవతరించిన భగవద్రామానుజుల సిద్ధాంతము ఇచ్చట మనకు వెలుగు చూపుచున్నది. జీవుని స్వరూపము జ్ఞానానందమయము. అది పశువునందైనను పండితునియందైనను ఒకటియే. దీపమునుండి కాంతి వలె జీవునినుండి ప్రసరించు జ్ఞానము మాత్రము కర్మచేత సంకోచించును, ఆ కర్మ తొలగగా వికసించును. కుండ క్రింద నుంచిన దీపము వెలుగునీయలేదని దానిని దూషింతుమా? కుండను తొలగింతుము.

ఇప్పుడు మొదట చెప్పుకొన్న పదమును తలచుకొనుడు. వ్యక్తిత్వ వికాసమనగా లేని గుణమును పైనుండి తగిలించుట గాదు; లోపలనున్న వెలుగు వ్యక్తమగునట్లు అడ్డు తొలగించుట. హిరణ్యకశిపుడు కూడ మూలమున వైకుంఠ ద్వారపాలకుడే యని భాగవతము చెప్పుచున్నది గదా! అంతటి క్రూరుని స్వరూపమునందే కళంకము లేనపుడు, పాఠము అప్పగింపలేని పిల్లవానిని "వీడు మొద్దు" అని, పట్టుపట్టిన పిల్లను "ఇది మొండిఘటము" అని ముద్ర వేయుటకు మనమెవరము? ఆ ముద్రను పిల్లలు నమ్ముదురు. నమ్మిన దానికి తగినట్లు నడతురు. తుదకు మన మాట నిజమైనట్లు కనబడును. ఆ నిజమును చేసినవారము మనమే.

గృహస్థులు ఆచరింపదగినవి

పై విచారణవలన తేలిన విషయములు కొన్ని కలవు. మొదటిది, పనిని నిందింపవచ్చును, బిడ్డను నిందింపరాదు. "నీవు అబద్ధాలకోరువు" అనుటకు బదులు "నీవు చెప్పినది అబద్ధము, నిజము చెప్పుము, వినెదను" అనవలెను. రెండవది, బిడ్డ తీరును గుర్తెరిగి నడపవలెను. ఒకనికి కబురు చాలును, ఒకనికి చేయూత కావలెను. మూడవది, బోధకు ముందు అభయము. భయపడిన చెవిలోనికి మంచిమాట పోదు. నాలుగవది, బిడ్డయందు మనము కోరు గుణమును ముందు మనయందు కనబరచవలెను. సాయంసమయమున దీపము పెట్టి పెద్దలు పారాయణము చేయునింట పిల్లలను కూర్చుండుమని గద్దింపనక్కరలేదు. వారే వచ్చి చేరుదురు. ఐదవది, చిన్న పనినైనను ప్రతిదినము చేయించవలెను. ఒక్కనాటి ఉపన్యాసముకంటె నిత్యము చేయు చిన్న అభ్యాసము లోతైన జాడను విడచును. శ్రీరామానుజులంతటివారు మంత్రార్థమునకై తిరుక్కోట్టియూరు నంబిగారి వాకిట పదునెనిమిదిమార్లు నిలిచిరి.

బిడ్డ మితిమీరిన భయముతోనో, ఎడతెగని దుఃఖముతోనో, తన్నుతాను హింసించుకొను తలంపుతోనో బాధపడుచున్నచో మ్రొక్కులతో సరిపెట్టుకొనక మనోవైద్యుని చూపవలెను. ఒంటికి జ్వరము వచ్చినపుడు వైద్యుని పిలుచుట భక్తికి లోపము గానట్లే, మనస్సు నలిగినపుడు పిలుచుటయు లోపము గాదు.

ప్రహ్లాదుడు గురువులు ఇంటిపనులపై బయటికి పోయిన వేళ, తన తోడి బాలురను చేరబిలిచి, ధర్మాచరణము బాల్యమునందే ఆరంభింపవలెనని చెప్పెను. ఆ రాక్షస బాలురు ఆటలు మాని వినిరి. వారును రాక్షస కులమున పుట్టినవారే. వారి గురువులును చండామర్కులే. ప్రేమతో చెప్పు మిత్రుడొకడు దొరకిన మాత్రాన వారి మనస్సులు మారినవి. ఆ బడి అహోబిలమున ఒక్కచోటనే లేదు. కోటగిరిలో నాయనమ్మ కథ చెప్పు అరుగుపై కలదు, గల్ఫునుండి తండ్రి కంఠము వినబడు ఫోనులో కలదు, మన ఇంటి పూజామందిరము ముందు కలదు. అచ్చట బిడ్డను బెదరింపక, ముద్ర వేయక, దగ్గరకు తీసికొని నేర్పు శక్తిని ప్రహ్లాదవరదుడు మనకందరకు ప్రసాదించుగాక!